ఖరీదైన మైక్ కొంటే పాట బాగా వస్తుందా? ఇంట్లో రికార్డ్ చేసేవాళ్లు డబ్బులు పెట్టేముందు తెలుసుకోవాల్సిన విషయాలివే!

ఇప్పుడు పాట రికార్డ్ చేయాలంటే స్టూడియోకే వెళ్లాల్సిన పనిలేదు. కవర్ సాంగ్ అయినా, జానపదం అయినా, భక్తి పాట అయినా ఇంట్లోనే పాడి యూట్యూబ్‌లో పెట్టేస్తున్నారు. అమెరికా సింగర్ బిల్లీ ఐలిష్ తన మొదటి ఆల్బమ్‌ను అన్న ఫినియాస్‌తో కలిసి చాలావరకు ఇంట్లోని బెడ్‌రూమ్‌లోనే రికార్డ్ చేసింది. 2019లో వచ్చిన ఆ ఆల్బమ్‌కు 2020లో గ్రామీ 'ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్' అవార్డు దక్కింది. అంటే ఇల్లు అడ్డంకి కాదు.

అయితే ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తుంటారు. నాలుగైదు నెలలు డబ్బులు కూడబెట్టి, వీడియోల్లో సింగర్ల ముందు కనిపించే పెద్ద కండెన్సర్ మైక్ కొనేస్తారు. ఇంటికి తెచ్చి పాడి విన్నాక షాక్ అవుతారు. పాట వెనకాల ఫ్యాన్ హోరు, వంటింట్లో కుక్కర్ విజిల్, వీధిలో బైక్ హారన్. వీటన్నింటికీ తోడు బాత్రూమ్‌లో పాడినట్టు ఒక మోత. కొందరు మైక్ పాడైందనుకుని వాపస్ పంపిస్తారు. ఇంకొందరు తమ గొంతే బాలేదనుకుని పాడటమే మానేస్తారు. నిజానికి తప్పు మైక్‌దీ కాదు, గొంతుదీ కాదు. కండెన్సర్ మైక్ తన పని తాను చేసింది. గదిలో ఏముందో అదంతా వినిపించింది.

అందుకే మైక్ ఎంచుకోవడం షాపులో మొదలవ్వదు. మీరు పాడే గదిలో మొదలవుతుంది. మరి కండెన్సర్ మైక్ ఎలా పనిచేస్తుంది? బాక్స్ మీద రాసిన నంబర్లకు అర్థమేంటి? ఉన్న బడ్జెట్‌ను ఎలా పంచుకోవాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

కండెన్సర్ మైక్ లోపల ఏముంటుంది?

కండెన్సర్ అంటే కెపాసిటర్. ఈ మైక్ లోపల కొన్ని మైక్రాన్ల మందం మాత్రమే ఉండే సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. కరెంట్ పారడానికి దాని మీద సాధారణంగా బంగారు పూత వేస్తారు. దీన్నే డయాఫ్రమ్ అంటారు. దాని వెనకే కొద్ది ఖాళీ వదిలి ఒక లోహపు పలక ఉంటుంది. మీరు పాడినప్పుడు గాలి కదలికకు ఈ పొర ఊగుతుంది. పొరకు, పలకకు మధ్య దూరం మారుతుంది. ఆ మార్పే ఎలక్ట్రిక్ సిగ్నల్‌గా బయటకు వస్తుంది.

ఈ పద్ధతిని 1916లో అమెరికాలో ఇ.సి. వెంటె అనే ఇంజినీర్ కనిపెట్టారు. జర్మనీకి చెందిన న్యూమన్ కంపెనీ 1928 నుంచి ఇలాంటి మైక్‌లు తయారు చేస్తోంది. ప్రపంచంలోని పెద్ద స్టూడియోల్లో కనిపించే యూ87 మోడల్ 1967లో వచ్చింది. దాని కొత్త వెర్షన్ ఇప్పటికీ అమ్ముడవుతోంది. ధర లక్షల్లో ఉంటుంది.

పొర అంత పల్చగా, తేలికగా ఉండటం వల్లే కండెన్సర్ మైక్‌కు చిన్న శబ్దం కూడా తెలిసిపోతుంది. ఊపిరి తీసుకున్న చప్పుడు, పెదాలు విడిపోయిన చప్పుడు, గమకంలోని సన్నటి కదలిక అన్నీ వస్తాయి. పాటకు ఇది వరం. గది సరిగ్గా లేకపోతే ఇదే తలనొప్పి.

డైనమిక్ మైక్ కొంటే సరిపోతుందా?

స్టేజీ మీద చేత్తో పట్టుకుని పాడే మైక్ చాలావరకు డైనమిక్ రకం. ఇందులో పొరకు ఒక తీగ చుట్ట అతికించి ఉంటుంది. అయస్కాంతం మధ్యలో ఆ చుట్ట కదిలితే కరెంట్ పుడుతుంది. తీగ బరువు ఉండటం వల్ల ఇది కండెన్సర్ అంత చురుగ్గా కదలదు. పై స్థాయి సన్నటి శబ్దాలు కాస్త తగ్గుతాయి.

'డైనమిక్ మైక్ బయటి చప్పుడును ఆపేస్తుంది' అని చాలామంది నమ్ముతారు. ఇది సగం నిజం మాత్రమే. ఒకే దూరం నుంచి పాడి, రెండు మైక్‌లలోనూ గొంతు ఒకే లెవెల్‌లో వచ్చేలా సెట్ చేస్తే, రెండూ ఒకే దిశ నుంచి వినే రకాలైతే, గది చప్పుడు పాలు దాదాపు ఒకేలా ఉంటుంది. అసలు తేడా వాడే తీరులో ఉంది. డైనమిక్ మైక్‌ను నోటికి ఆనించినంత దగ్గరగా పెట్టుకుంటాం. కండెన్సర్‌ను జానెడు దూరంలోనో, ఇంకా వెనక్కో పెడతాం. దూరం పెరిగితే గది గొంతు పెరుగుతుంది. విషయమంతా అక్కడే ఉంది.

ఇక డైనమిక్ మైక్ అంటే తక్కువ రకం అనుకోవాల్సిన పనిలేదు. మైఖేల్ జాక్సన్ 'థ్రిల్లర్' ఆల్బమ్ 1982లో వచ్చింది. ఆ ఆల్బమ్‌లో ఆయన గొంతును రికార్డ్ చేయడానికి సౌండ్ ఇంజినీర్ బ్రూస్ స్విడియన్ వాడింది ష్యూర్ ఎస్ఎం7 అనే డైనమిక్ మైక్. ఇల్లు మెయిన్ రోడ్డు పక్కనే ఉండి, కిటికీలు మూసినా హారన్లు ఆగని పరిస్థితి ఉంటే దగ్గర నుంచి పాడే డైనమిక్ మైక్ మంచి ఆప్షన్.

షాపుకు వెళ్లే ముందు గదికి పరీక్ష పెట్టండి

దీనికి ఖర్చేమీ లేదు. చేతిలో ఫోన్ ఉంటే చాలు.

మొదటిది చప్పట్ల టెస్ట్. గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక్కసారి చప్పట్లు కొట్టండి. వెంటనే ఆగిపోతే మంచిదే. 'టర్ర్' మంటూ లోహం మోగినట్టు ఒక చిన్న మోత వినిపిస్తే మాత్రం ఎదురెదురు గోడల మధ్య శబ్దం బంతిలా కొట్టుకుంటోందని అర్థం. కింద టైల్స్ లేదా గ్రానైట్, పైన స్లాబ్, చుట్టూ నున్నటి గోడలు... మన ఇళ్లలో చాలా గదులు ఇలాగే ఉంటాయి. ఖాళీ గది అయితే మోత ఇంకా ఎక్కువ.

రెండోది మౌనం టెస్ట్. మీరు రోజూ ఏ టైమ్‌లో పాడతారో అదే టైమ్‌లో ఫోన్‌లో 2 నిమిషాలు ఏమీ మాట్లాడకుండా రికార్డ్ చేయండి. తర్వాత ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఫుల్ సౌండ్‌లో వినండి. ఫ్రిజ్ మోటార్, ఫ్యాన్, పక్కింటి టీవీ, బోర్ మోటార్... రోజూ మన చెవులు పట్టించుకోని శబ్దాలన్నీ బయటపడతాయి. మైక్ వీటిలో దేన్నీ వదలదు.

మూడోది దూరం టెస్ట్. ఒకే పల్లవిని ఫోన్ జానెడు దూరంలో పెట్టి ఒకసారి, రెండు అడుగుల దూరంలో పెట్టి ఒకసారి పాడండి. తేడా మీకే వినిపిస్తుంది. నోటికీ మైక్‌కీ మధ్య దూరం సగానికి తగ్గిన ప్రతిసారీ గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. గది మోత మాత్రం దాదాపు అంతే ఉంటుంది. అంటే 60 సెంటీమీటర్ల నుంచి 15 సెంటీమీటర్లకు వస్తే రూపాయి ఖర్చు లేకుండా సుమారు 12 డెసిబెల్స్ లాభం!

బాక్స్ మీద నంబర్లను ఇలా చదవండి

సెల్ఫ్ నాయిస్: మైక్ లోపలి ఎలక్ట్రానిక్స్ చేసే 'హిస్' శబ్దం ఇది. ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. రోడ్ ఎన్‌టీ1 మైక్‌కు ఇది 4 డెసిబెల్స్. ఎన్‌టీ1-ఏ మోడల్‌కు 5. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా కొనే ఆడియో-టెక్నికా ఏటీ2020కి 20. అదే కంపెనీ ఏటీ2035కి 12.

ఈ నంబర్లు చూసి 4 ఉన్నదే కొనాలని తొందరపడకండి. రాత్రి పూట ప్రశాంతంగా ఉన్న ఇంటి గదిలోనే సుమారు 30 డెసిబెల్స్ శబ్దం ఉంటుంది. ఫ్యాన్ తిరుగుతుంటే 40 దాటడం మామూలే. అంత హోరులో 4కీ, 20కీ తేడా మునిగిపోతుంది. ఇంకో విషయం... లక్షల ధర ఉన్న న్యూమన్ యూ87 మైక్ సెల్ఫ్ నాయిస్ 12 డెసిబెల్స్. ఈ ఒక్క నంబరే క్వాలిటీ అయితే స్టూడియోలు దాన్ని ఎప్పుడో పక్కన పెట్టేసేవి. గది బాగా నిశ్శబ్దంగా ఉండి, మెల్లగా, గుసగుసగా పాడే స్టైల్ అయితేనే ఈ నంబర్‌కు ఎక్కువ ఇంపార్టెన్స్ ఇవ్వండి.

మ్యాక్సిమమ్ ఎస్‌పీఎల్: మైక్ ఎంత గట్టి శబ్దాన్ని పగిలిపోకుండా తీసుకోగలదో చెప్పే నంబర్. ఏటీ2020కి ఇది 144 డెసిబెల్స్. మనిషి గొంతుకు ఇది చాలా ఎక్కువే. జానపదాలు ఎత్తి పాడేవాళ్లకు కూడా మైక్ దగ్గర ఇబ్బంది రాదు. అయినా సౌండ్ పగులుతోందంటే చాలాసార్లు కారణం మైక్ కాదు, గెయిన్ ఎక్కువ పెట్టడమే.

పోలార్ ప్యాటర్న్: మైక్ ఏ వైపు నుంచి వింటుందో చెప్పేది. ఇంట్లో ఒక్కరే పాడటానికి కార్డియాయిడ్ చాలు. ఇది ముందు నుంచి బాగా వింటుంది, పక్కల నుంచి కొంత తక్కువ, సరిగ్గా వెనక నుంచి చాలా తక్కువ. మూడు నాలుగు ప్యాటర్న్‌లు మార్చుకునే మైక్‌కు అదనంగా డబ్బులు పెట్టాల్సిన అవసరం మొదట్లో ఉండదు.

ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్: దాదాపు అన్ని కండెన్సర్ మైక్‌ల మీదా '20 నుంచి 20,000 హెర్ట్జ్' అనే ఉంటుంది. దీనివల్ల మీకు తెలిసేది ఏమీ లేదు. కంపెనీ వెబ్‌సైట్‌లో ఉండే గ్రాఫ్ చూడండి. గీత కుడివైపు, అంటే 5,000 నుంచి 12,000 హెర్ట్జ్ మధ్య బాగా పైకి లేస్తే ఆ మైక్ సౌండ్ 'బ్రైట్'గా ఉంటుంది. గీత చదునుగా ఉంటే గొంతు ఉన్నది ఉన్నట్టుగా వస్తుంది.

లో కట్, ప్యాడ్: కొన్ని మైక్‌ల మీద చిన్న స్విచ్‌లు ఉంటాయి. లో కట్ స్విచ్ సుమారు 80 హెర్ట్జ్ కిందున్న గుంయ్ మనే శబ్దాలను తగ్గిస్తుంది. నేల అదురు, లారీ వెళ్లిన చప్పుడు లాంటివి దీంతో తగ్గుతాయి. ఫ్యాన్ గాలి హోరు మాత్రం దీంతో పోదు. ప్యాడ్ స్విచ్ గట్టి శబ్దాలకు పనికొస్తుంది. పాటకు దాని అవసరం తక్కువ.

మీ గొంతుకు ఏది నప్పుతుంది?

పక్కవాళ్లకు బాగున్న మైక్ మీకూ బాగుండాలని లేదు. సన్నటి, పదునైన గొంతుకు బ్రైట్ మైక్ పెడితే 'స', 'శ', 'ష', 'చ' అక్షరాలు ఈల వేసినట్టు చెవిలో గుచ్చుకుంటాయి. అలాంటి గొంతుకు చదునైన రెస్పాన్స్ ఉన్న మైక్ నప్పుతుంది. బరువైన, కాస్త మందంగా వినిపించే గొంతుకు బ్రైట్ మైక్ స్పష్టత తెస్తుంది.

తెలుగు పాటలకు ఇంకో ఇబ్బంది ఉంది. 'ప', 'బ' పలికినప్పుడు పెదాల నుంచి గాలి తన్నుకొస్తుంది. 'ఫ', 'భ' లాంటి ఒత్తక్షరాల్లో ఆ గాలి ఇంకా ఎక్కువ. సంస్కృత పదాలు నిండిన భక్తి పాటల్లో ఇవి అడుగడుగునా వస్తాయి. ఆ గాలి నేరుగా డయాఫ్రమ్‌కు తగిలితే 'దబ్' మని చప్పుడొస్తుంది. తర్వాత ఎడిటింగ్‌లో దాన్ని తీసేయడం కష్టం. అందుకే పాప్ ఫిల్టర్ తప్పనిసరి. మైక్‌కు ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు తిరిగి, నోటి గాలి మైక్ అంచు మీదుగా వెళ్లేలా పాడితే ఇంకా మంచిది.

వీలైతే షాపులో రెండు మూడు మైక్‌ల ముందు ఒకే చరణం పాడి, ఆ ఫైళ్లు ఫోన్‌లో వేయించుకుని ఇంటికొచ్చి వినండి. యూట్యూబ్ రివ్యూలో వినిపించేది రివ్యూ చేసినవాళ్ల గొంతు, వాళ్ల గది. మీవి కాదు.

యూఎస్‌బీ మైకా? ఎక్స్‌ఎల్‌ఆర్ మైకా?

యూఎస్‌బీ మైక్‌ను నేరుగా ల్యాప్‌టాప్‌కు పెట్టేయొచ్చు. ఖర్చు తక్కువ, తలనొప్పి తక్కువ. ఒక్కరే పాడుకుంటూ, కరోకే ట్రాక్ మీద కవర్లు చేసేవాళ్లకు ఇది సరిపోతుంది. కొనేముందు మైక్‌కే హెడ్‌ఫోన్ పోర్ట్ ఉందో లేదో చూడండి. అది ఉంటే మీ గొంతు ఆలస్యం లేకుండా మీకు వినిపిస్తుంది. లేకపోతే గొంతు కాస్త వెనకగా వినిపించి తాళం తప్పుతుంది.

ఎక్స్‌ఎల్‌ఆర్ మైక్‌కు మూడు పిన్నుల కేబుల్, ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న బాక్స్ కావాలి. ఖర్చు ఎక్కువే. కానీ రేపు మైక్ మార్చినా ఇంటర్‌ఫేస్ అలాగే ఉంటుంది. వీణో, గిటారో నేర్చుకుంటే దానికీ పనికొస్తుంది.

ఎక్స్‌ఎల్‌ఆర్ కండెన్సర్ మైక్‌లకు సాధారణంగా 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి. ఇంటర్‌ఫేస్ మీద '48వి' అని ఉండే బటన్ ఇదే. అది నొక్కకపోతే మైక్ పలకదు. 'మైక్ డెడ్' అనుకుని వాపస్ పంపేముందు ఈ బటన్ ఒకసారి చూసుకోండి.

ఆన్‌లైన్‌లో స్టాండ్, స్పాంజి, కేబుల్ అన్నీ కలిపి కారు చౌకగా అమ్మే 'కండెన్సర్ కిట్'ల విషయంలో మాత్రం జాగ్రత్త. చాలా కిట్లలో ఫోన్ ఇయర్‌ఫోన్ పిన్ లాంటి 3.5 ఎంఎం కేబుల్ ఇస్తారు. ఆ పిన్ నుంచి వచ్చేది కొద్ది వోల్టులే. 48 వోల్టులు రావు. బయటికి పెద్ద మైక్‌లా కనిపించినా, లోపల చిన్న క్యాప్సూల్ మాత్రమే ఉండే మోడళ్లు కూడా ఉంటాయి. ఆ డబ్బుతో మంచి డైనమిక్ మైక్ వైపు వెళ్లడమే మేలు.

ల్యాప్‌టాప్ లేదు, ఫోన్‌లోనే రికార్డ్ చేస్తామంటారా? అదీ కుదురుతుంది. టైప్-సి పోర్ట్ ఉన్న చాలా ఫోన్లు యూఎస్‌బీ మైక్‌లను, చిన్న ఇంటర్‌ఫేస్‌లను గుర్తుపడతాయి. అయితే ఫోన్ ఇచ్చే పవర్ కొన్ని ఇంటర్‌ఫేస్‌లకు సరిపోదు. విడిగా పవర్ ఇచ్చే పోర్ట్ ఉన్న ఇంటర్‌ఫేస్ చూసుకోండి. కొనేముందు షాపులో మీ ఫోన్‌కే పెట్టి చూడటం ఇంకా మంచిది.

బడ్జెట్‌ను ఇలా పంచుకోండి

ఉదాహరణకు చేతిలో 20 వేలు ఉన్నాయనుకుందాం. మొత్తం మైక్ మీదే పెట్టేస్తే మిగతావాటికి రూపాయి మిగలదు. అందుకే మైక్‌కు సగానికి మించి పెట్టొద్దు. ఒక 8 వేలు మైక్‌కు, 6 వేలు ఇంటర్‌ఫేస్‌కు, 3 వేలు హెడ్‌ఫోన్స్‌కు అనుకుంటే, మిగిలిన 3 వేలలో స్టాండ్, పాప్ ఫిల్టర్, కేబుల్, గదికి కావాల్సిన పరదాలు చూసుకోవచ్చు. ఆఫర్లను బట్టి లెక్క అటూఇటూ అవుతుంది. కానీ ఈ పంపకం మాత్రం మార్చొద్దు.

హెడ్‌ఫోన్స్ చెవిని పూర్తిగా మూసే 'క్లోజ్డ్ బ్యాక్' రకం తీసుకోండి. లేకపోతే ట్రాక్ సౌండ్ బయటికి లీకై మైక్‌లో పడుతుంది. శాస్త్రీయ సంగీతం పాడేవాళ్లు శ్రుతి యాప్‌ను పక్కన స్పీకర్‌లో పెట్టుకుంటే అదీ గొంతుతో కలిసి రికార్డ్ అయిపోతుంది. దాన్ని కూడా హెడ్‌ఫోన్స్‌లోనే వినాలి.

10 వేలే ఉన్నాయంటే యూఎస్‌బీ మైక్, స్టాండ్, పాప్ ఫిల్టర్, ఓ మాదిరి హెడ్‌ఫోన్స్‌తో మొదలుపెట్టొచ్చు. 5 వేల లోపే ఉంటే తొందరపడొద్దు. ఫోన్‌తోనే, బాగా సిద్ధం చేసిన గదిలో పాడండి. సిద్ధం చేయని గదిలో ఖరీదైన మైక్ కన్నా అదే మెరుగ్గా వినిపిస్తుంది.

బొంతలు, దుప్పట్లే బెస్ట్ ఫ్రెండ్స్!

గది మోత తగ్గించాలంటే శబ్దాన్ని పీల్చుకునే మెత్తటి, మందపాటి వస్తువులు కావాలి. ఇవి కొత్తగా కొనాల్సిన పనిలేదు. ఇంట్లోనే ఉంటాయి.

పాడేవాళ్ల వెనక గోడకు మందపాటి బొంత లేదా రజాయి వేలాడదీయండి. కార్డియాయిడ్ మైక్ చూసేది మీ వైపే. అంటే మీ వెనకున్న గోడ నుంచి వచ్చే మోత నేరుగా మైక్‌లో పడుతుంది. గోడకు ఆనించకుండా 10 సెంటీమీటర్ల ఖాళీ వదిలితే ఇంకా బాగా పనిచేస్తుంది. పక్కల రెండు కుర్చీల మీద దుప్పట్లు, కింద తివాచీ లేదా పరుపు వేయండి. బట్టలతో నిండిన చెక్క అల్మారా తలుపులు తెరిచి పెడితే అదీ శబ్దాన్ని పీలుస్తుంది. ఇనుప బీరువా మాత్రం వద్దు. అది శబ్దాన్ని తిప్పి కొడుతుంది.

గది మూలల్లో నిలబడి పాడొద్దు. అక్కడ బేస్ పోగై గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. గదికి సరిగ్గా మధ్యలో కూడా వద్దు. కాస్త పక్కకు జరగండి.

గోడలకు గుడ్ల ట్రేలు అతికించడం వల్ల పెద్దగా ఉపయోగం లేదు. ఒక అంగుళం మందం స్పాంజి షీట్లు పై స్థాయి శబ్దాలనే తగ్గిస్తాయి, కింది స్థాయి మోత అలాగే ఉంటుంది. ఇంకో ముఖ్యమైన విషయం... ఇవేవీ బయటి చప్పుడును ఆపవు. లోపలి మోతనే తగ్గిస్తాయి. బయటి హారన్‌కు మందు కిటికీలు మూయడం, టైమ్ మార్చుకోవడం. రాత్రి 10 తర్వాతో, తెల్లవారుజామునో పాడుకోవడమే ఉత్తమం.

పాడే ఆ నాలుగు నిమిషాలు ఫ్యాన్, ఏసీ ఆపేయండి. చెమట పట్టినా సరే, టేక్ అయ్యాక వేసుకోండి. ఎండాకాలంలో అలా కుదరకపోతే ముందు ఏసీతో గదిని చల్లబరచి, రికార్డింగ్‌కు ముందు ఆపండి. ఆపలేని శబ్దం ఏదైనా ఉంటే, ఉదాహరణకు కిటికీ వైపు నుంచి వచ్చే రోడ్డు చప్పుడు, మైక్ వీపు అటువైపు ఉండేలా పెట్టండి.

'గుయ్' మని కరెంట్ శబ్దం వస్తోందా? ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీద పెట్టి చూడండి. శబ్దం ఆగిపోతే సమస్య మైక్‌లో కాదు, చార్జర్ లేదా ఇంటి ఎర్తింగ్‌లో ఉన్నట్టే.

రికార్డ్ చేసేటప్పుడు ఈ సెట్టింగ్స్

నోటికీ మైక్‌కీ మధ్య 15 నుంచి 20 సెంటీమీటర్లు, అంటే సుమారు జానెడు ఉంచండి. మధ్యలో పాప్ ఫిల్టర్ పెట్టండి. మరీ దగ్గరకు వెళ్తే బేస్ పెరిగి గొంతు బరువెక్కుతుంది. పాటలో ఎత్తుకునే చోట ఒక అడుగు వెనక్కి, మెల్లగా పాడే చోట ముందుకు రావడం అలవాటు చేసుకోండి.

పాటలో అన్నింటికన్నా గట్టిగా పాడే లైన్ పాడుతూ గెయిన్ సెట్ చేయండి. మీటర్ మైనస్ 12 నుంచి మైనస్ 6 మధ్య తాకితే చాలు. ఎర్ర లైట్ వెలిగితే గెయిన్ ఎక్కువైనట్టే. ఒకసారి పగిలిన సౌండ్‌ను ఎడిటింగ్‌లో మళ్లీ పూర్తిగా బాగుచేయలేం. వీడియో కోసమైతే 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టుకోండి.

'నాయిస్‌ను తర్వాత ఏఐ యాప్‌తో తీసేద్దాంలే' అనుకోవద్దు. అలాంటి టూల్స్‌లో చాలావరకు మాటల కోసం తయారైనవి. పాట మీద వాడితే సాగదీసిన స్వరాల చివర్లు తెగిపోతాయి, గమకాలు చెదిరిపోతాయి.

కోస్తా జిల్లాల్లో ఇంకాస్త జాగ్రత్త

కండెన్సర్ మైక్‌కు తేమ పడదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రతీర ప్రాంతాల్లో, వానాకాలంలో ఎక్కడైనా, డయాఫ్రమ్ మీద తేమ చేరితే చిటపట శబ్దాలు రావొచ్చు. వాడటం అయిపోయాక స్టాండ్ మీదే వదిలేయకుండా మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లతో పాటు పెట్టండి. చల్లటి ఏసీ గదిలోంచి తేమ ఉన్న చోటుకు తెచ్చిన వెంటనే ఆన్ చేయకండి. కాసేపు ఆగండి. నోటితో ఊది మైక్ టెస్ట్ చేయడం అసలు వద్దు.

కొనేముందు ఈ 6 ప్రశ్నలు వేసుకోండి

1. చప్పట్లు కొడితే గది మోగుతోందా? మోగితే ముందు బొంతలు, తర్వాతే మైక్.

2. రోజులో కనీసం ఒక గంట ఇల్లు నిశ్శబ్దంగా దొరుకుతుందా? దొరకకపోతే డైనమిక్ మైక్ గురించి ఆలోచించండి.

3. గొంతు పదునైనదా, బరువైనదా? దాన్ని బట్టి చదును మైకా, బ్రైట్ మైకా తేల్చుకోండి.

4. ఫోన్‌తో వాడతారా, ల్యాప్‌టాప్‌తోనా? 48 వోల్టులు ఎక్కడి నుంచి వస్తాయి?

5. స్టాండ్, పాప్ ఫిల్టర్, కేబుల్, హెడ్‌ఫోన్స్‌కు డబ్బులు మిగిలాయా?

6. బిల్లు, వారంటీ, వాపస్ గడువు ఉన్నాయా? బాగా పేరున్న మోడళ్లకు నకిలీలు వస్తుంటాయి. మరీ తక్కువ ధర కనిపిస్తే అనుమానించండి. వచ్చిన రోజే రికార్డ్ చేసి చెక్ చేసుకోండి.

మైక్ కొన్నాక మొదటి వారం కొత్త పాట అప్‌లోడ్ చేయాలని కంగారు పడకండి. ఒకే పల్లవిని రోజుకో చోట, రోజుకో దూరంలో పాడి వినండి. ఏ గోడకు ఎదురుగా, ఎన్ని అంగుళాల్లో మీ గొంతు మీదిలా వినిపిస్తుందో దొరికాక నేల మీద చిన్న టేప్ ముక్క అతికించేయండి. మైక్ స్టాండ్‌కు ఒకటి, మీ కాళ్లకు ఒకటి. తర్వాత ఎన్ని పాటలు పాడినా అదే మీ స్టూడియో.